అసర్ కాదు ఆపా, అది నషా

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. మా దూరపు చుట్టం, ఒక ఆపా. సలాం కూడా పూర్తిగా చెప్పకుండానే ఏడుపు. "కిసీకు బీ నక్కో బోలో భాయ్. మా చిన్నోడికి ఏమయిందో నువ్వైనా చెప్పు" అంది.

చిన్నోడికి పదమూడేళ్ళు. ఏడో తరగతి మధ్యలో బడి మానేశాడు. ఇంట్లో ఖాళీగా ఎందుకని మామూ పంక్చర్ దుకాణంలో కూర్చోబెట్టారు. రెండు మూడు నెలలకే తిండి తగ్గింది. ఊరికే నవ్వుతాడు, ఊరికే గుస్సా అవుతాడు. నడుస్తుంటే తూలుతాడు. ఇంట్లో పెద్దలు కూర్చుని తేల్చిన మాట: అసర్ అయింది. మగ్రిబ్ వేళ చింతచెట్టు కింద నిలబడ్డాడట, గాలి సోకిందట. ఎనిమిది నెలలు ఆమిల్ చుట్టూ తిరిగారు. తావీజులు, దమ్ చేసిన నీళ్ళు, పొగలు. ఉన్న రెండు గాజులు కుదువకు పోయాయి. చివరికి ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే కుర్తా జేబులోంచి ఒక పాలిథిన్ కవర్ బయటపడింది. లోపల పసుపు పచ్చగా ఎండిన బంక. పిండేసిన రెండు సులేషన్ ట్యూబులు. ట్యూబుకు పంక్చర్ అతికించే సులేషన్.

"కుర్తాకు వాసన వచ్చేది కాదా ఆపా?" అని అడిగాను.

"వచ్చేది భాయ్. దుకాణంలో పని కదా, అందుకే అనుకున్నాను."

ఆమె ఇజాజత్‌తోనే, ఊరూ ఆనవాళ్ళూ తీసేసి ఇది రాస్తున్నాను. రాయడానికి కారణం ఆమె ఫోన్ ఒక్కటే కాదు, ఆ తర్వాత జరిగింది కూడా. మా మొహల్లా మసీదు కమిటీ సదర్ సాబ్ దగ్గరికి వెళ్ళి, జుమా బయాన్‌లో పది నిమిషాలు పిల్లల నషా గురించి మాట్లాడించండి అని అడిగాను. ఆయన మంచి మనిషి. చాయ్ తెప్పించారు. తర్వాత మెల్లగా అన్నారు: "షరాబ్ హరామని ఎవరికి తెలియదు? ఇలాంటివి మింబర్ మీంచి మాట్లాడితే మన మొహల్లాయే బద్నామ్ అవుతుంది. మన పిల్లలు అలాంటివాళ్ళు కాదు. ఎవరో ఒకరిద్దరు బురీ సోహ్‌బత్‌లో పడి ఉంటారు."

సదర్ సాబ్ మాటలో మూడు అబద్ధాలున్నాయి. ఆయన కావాలని ఆడినవి కావు. మనమందరం రోజూ మనకు మనం చెప్పుకునేవే. మొదటిది: నషా అంటే షరాబ్. రెండోది: కారణం బురీ సోహ్‌బత్. మూడోది: మాట్లాడితే బద్నామ్ అవుతాం. ఈ మూడూ కలిసి ఆ పిల్లాడికి ఎనిమిది నెలలు నష్టం చేశాయి.

మొదటిది చూద్దాం. మన ఇళ్ళలో షరాబ్ సీసా కనిపిస్తే ఖయామత్ వచ్చినట్టే. అల్‌హమ్దులిల్లాహ్, అది మన దీన్ ఇచ్చిన గొప్ప హిఫాజత్. కానీ పదేళ్ళ పిల్లాడు షరాబ్‌తో మొదలుపెట్టడు. వాడి చేతికి అందేది వేరు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ దేశమంతా చేసిన సర్వే 2019లో బయటికి వచ్చింది. మద్యం, గంజాయి లాంటివన్నీ పెద్దల్లోనే ఎక్కువ. ఒక్క వాసన పీల్చే మత్తు మాత్రం తలకిందులు: పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం. రెట్టింపు. ఈ అలవాటు నుంచి బయటపడటానికి సాయం కావలసిన పిల్లలు దేశంలో 4.6 లక్షల మంది అని ఆ లెక్క. సులేషన్, వైట్నర్, థిన్నర్, పెట్రోల్: ఇవన్నీ ఈ ఖాతాలోవే. నోట్లో షరాబ్ వాసన రాదు, ఎవరూ పట్టుకోరు. ఖర్చు ఒక చాయ్ బిస్కెట్ అంత. ఆకలి చంపేస్తుంది కాబట్టి తిండి లేని పిల్లాడికి అదే తిండి. ఇందులో ఉండే టోలీన్ లాంటి ద్రావకాలు మెదడునూ నరాలనూ తింటాయి. గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు, మొదటిసారి పీల్చినప్పుడు కూడా.

పొగాకు సంగతి ఇంకా ముందు నుంచి. అదే 2019లో 13-15 ఏళ్ళ బడి పిల్లల మీద జాతీయ సర్వే జరిగింది. 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. ఎప్పుడైనా బీడీ తాగి చూసినవాళ్ళలో 47 శాతం, నమిలే పొగాకు రుచి చూసినవాళ్ళలో 52 శాతం మంది పదేళ్ళు నిండకముందే మొదలుపెట్టారు. పదేళ్ళు! మనం నమాజ్ విషయంలో గట్టిగా పట్టుకునే వయసు కూడా అదే. ఆ వయసుకు వాడి నాలుక మీద జర్దా ఉంటే, మనం పట్టుకోవలసింది ఒక్క నమాజ్ గురించేనా?

మత్తెక్కించేది ఏదైనా ఖమ్ర్ కిందికే వస్తుందని రసూలుల్లాహ్ (స) స్పష్టం చేశారు. అది మన ఆలిమ్‌లందరికీ తెలుసు. కానీ బయాన్‌లలో షరాబ్ షరాబ్ అని మాత్రమే వినిపిస్తుంటే పిల్లలు వినేది ఇంకొకటి: షరాబ్ కాకపోతే ఫరవాలేదు అని. "ఇది దవాయే కదా అంకుల్" అని దగ్గు సిరప్ గురించి, "ఇది గోందే కదా" అని సులేషన్ గురించి పిల్లలు అనడం ఈ చెవులతో విన్నాను. ఆ సందు వాళ్ళు కనిపెట్టుకున్నది కాదు, మన బయాన్‌లు వదిలేసింది.

ఇక రెండో అబద్ధం, బురీ సోహ్‌బత్. సోహ్‌బత్ ప్రభావం నిజమే. ఏ పరిశోధన తీసినా నషా చేసే దోస్తులు పెద్ద కారణంగానే కనిపిస్తారు. కానీ మనం ఆ మాట వాడేది కారణం వెదకడానికి కాదు, వెదకడం ఆపడానికి. ప్రతి అమ్మీ కొడుకూ పక్కింటి అమ్మీ కొడుకు వల్లే చెడిపోతే, ఆ మొదటి చెడ్డ పిల్లాడు ఎవరి ఇంట్లో పుట్టాడు? ఆకాశం నుంచి దిగాడా?

అమెరికాలోని సియాటిల్‌లో డేవిడ్ హాకిన్స్, రిచర్డ్ కటలానో అనే పరిశోధకులు 1992లోనే అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నీ కూడబెట్టి ఒక జాబితా ఇచ్చారు. పిల్లల్ని నషా వైపు నెట్టేవి ఏవి, ఆపేవి ఏవి అని. అందులో దోస్తులు ఒక పంక్తి. మిగతా పంక్తులు చదివితే మన బస్తీలో గోడ దూకి చూసి రాసినట్టుంటుంది. ఇంట్లో పెద్దల అలవాటు, దాని మీద వాళ్ళ ఉదాసీనత. ఇంట్లో గొడవలు. పట్టించుకునేవాళ్ళు లేకపోవడం, లేదా మితిమీరిన శిక్ష. బడిలో వెనకబడటం, బడి మీద మనసు విరగడం. సరుకు సులువుగా దొరకడం. ఎంత చిన్న వయసులో మొదలైతే ఉచ్చు అంత గట్టిగా బిగుస్తుందనేది ఇంకొకటి.

అమెరికాలోనే మద్యం మీద ఒక పెద్ద లెక్క ఉంది. పదిహేనేళ్ళ లోపు మొదలుపెట్టినవాళ్ళలో 40 శాతం మందికి పైగా ఏదో ఒక దశలో దానికి బానిసలయ్యారు. ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్ళలో అది 10 శాతం దగ్గరే ఆగింది. మంచిచెడ్డలు ఆలోచించి చెయ్యి వెనక్కి లాగే మెదడు భాగం ఇరవై అయిదు దగ్గర పడితే గానీ పూర్తిగా పండదు. నషా దాన్ని పచ్చిగా ఉన్నప్పుడే పట్టుకుంటుంది.

ఇప్పుడు ఆ జాబితా పట్టుకుని మన ఇంట్లోకి వద్దాం. నా ఇంటి నుంచే మొదలుపెడతాను.

ఏడేళ్ళప్పుడు నాకు ఒక డ్యూటీ ఉండేది. అసర్ నమాజ్ అయ్యాక అబ్బాకు జర్దా పాన్, దాదాకు బీడీ కట్ట తేవాలి. పాన్ డబ్బావాడు నన్ను చూడగానే కట్టేవాడు, నేను నోరు తెరిచే పని లేదు. చిల్లర మిగిలితే నాకు మీఠా సుపారీ. అబ్బా నన్ను ఎంతో లాడ్‌గా పెంచారు. అల్లాహ్ ఆయన్ని మన్నించుగాక, నోటి క్యాన్సర్‌తోనే పోయారు. ఆయన నాకు ఎప్పుడూ పొగాకు తినమని చెప్పలేదు. కానీ అది ఎక్కడ దొరుకుతుందో, ఎంతో, ఎలా మడుస్తారో, పెద్ద మగాడు కావడమంటే ఏమిటో రోజూ నేర్పించారు. ఉర్దూ మీడియం బడిలో ఆరో తరగతికి వచ్చేసరికి మా బెంచీలో నలుగురం గుట్కా తినేవాళ్ళం. నేను బయటపడటానికి పదేళ్ళు పట్టింది. మిగతా ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు లేరు.

ఈ రోజుకీ మన షాదీల్లో దస్తర్‌ఖాన్ ఎత్తగానే పాన్ తట్ట వస్తుంది. దాని పక్కనే పిల్లల కోసం మీఠా సుపారీ పొట్లాలు. సుపారీ ఒక్కటే, పొగాకు లేకపోయినా, క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చి ఇరవై ఏళ్ళు దాటింది. మనం దాన్ని మెరిసే పొట్లంలో చుట్టి బచ్చాల చేతిలో పెడుతున్నాం.

రెండో తలుపు దెబ్బలు. మన దగ్గర తర్బియత్ అంటే బెల్టు అనుకునే అబ్బాలు తక్కువేం కాదు. వాళ్ళకు ఒక మాట తెలియాలి. చిన్నతనంలో కొట్టడం, తిట్టడం, ఇంట్లో అమ్మీ దెబ్బలు తినడం చూడటం, ఇలాంటి గాయాల మీద అమెరికాలో వేలమందిని అడిగి లెక్కలు తీశారు. అలాంటి ఒక్కో రకం గాయం, చిన్న వయసులో మత్తుమందులు మొదలయ్యే అవకాశాన్ని రెండు నుంచి నాలుగు రెట్లు పెంచుతుందని 2003లో తేలింది. నషా చేశాడని కొట్టేవాడు ముందు లెక్క వేసుకోవాలి: ఆ నషాలో తన బెల్టు వాటా ఎంతో. రసూలుల్లాహ్ (స) దగ్గర పదేళ్ళు ఖిద్మత్ చేసిన అనస్ (రజి) చిన్నపిల్లాడిగా వచ్చి చేరినవారే. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన నన్ను ఛీ అనలేదని తర్వాత చెప్పుకున్నారు. ఆ సున్నత్ మన గడపల్లో ఎందుకు కనపడదు?

మూడో తలుపు దూరం. దుబాయ్, జెద్దా, దోహాల నుంచి నెలనెలా డబ్బు పంపే తండ్రులు హలాల్ రోజీ కోసం ఒళ్ళు కరిగిస్తున్నారు. వాళ్ళను నిందించే హక్కు నాకు లేదు. కానీ ఇక్కడ పిల్లాడి బాధ్యత ఎవరిది? అమ్మీ గట్టిగా అంటే వాడు వినడు, దాదీ అడ్డం వస్తుంది, చాచా పట్టించుకోడు. వీడియో కాల్‌లో అబ్బా అడిగేది రెండే: బడికి పోయావా, నమాజ్ చదివావా. రెండింటికీ "జీ అబ్బా" అంటే ఫోన్ అయిపోతుంది. నీ దోస్తులు ఎవరు, రాత్రి ఎక్కడున్నావు, ఎందుకు చిక్కిపోయావు అని అడిగేవాళ్ళు లేరు.

నాలుగోది బడి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి పాతిక మంది బడి గడప తొక్కలేదు, లేదా మధ్యలో మానేశారని 2006లో సచర్ కమిటీ రాసింది. ఆ తర్వాత మార్పు వచ్చింది. తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి. ఆడపిల్లలు చదువులో దూసుకుపోతున్నారు. కానీ మగపిల్లాడి విషయంలో "చదివి ఏం చేస్తాడు, హునర్ నేర్చుకోనీ" అనే మాట ఇంకా చావలేదు. విజయవాడ ఆటోనగర్ నుంచి కర్నూలు, నిజామాబాద్ మెకానిక్ షెడ్ల దాకా చూడండి. పంక్చర్, పెయింటింగ్, ఫర్నిచర్ పాలిష్: మన పిల్లలు హునర్ నేర్చుకునే చోట్లన్నీ సులేషన్, థిన్నర్, పెట్రోల్ చేతికందే చోట్లే. మనం వాడిని బడి నుంచి తీసి, రోజుకు పది గంటలు మత్తుమందు డబ్బా పక్కన కూర్చోబెట్టి, సోహ్‌బత్ చెడ్డదంటున్నాం. ఆ సోహ్‌బత్ మనం కుదిర్చిన నౌకరీయే కదా!

అయిదోది రాత్రి. మన బస్తీలు రాత్రి పన్నెండుకు మేల్కొంటాయి. హోటళ్ళ ముందు, చబూత్రాల మీద పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు. రంజాన్‌లో అయితే తరావీహ్ నుంచి సహర్ దాకా అడిగేవాడే ఉండడు. హైదరాబాద్ పోలీసులు పాతబస్తీలో "మిషన్ చబూత్రా" పెట్టి పిల్లల్ని తీసుకుపోతే మనకు గుస్సా వచ్చింది. నాకూ వచ్చింది. మన పిల్లలే ఎందుకు, జూబ్లీహిల్స్ పిల్లలు రాత్రి తిరగరా అని రాశాను కూడా. ఆ సవాల్ ఇప్పటికీ నిలబడుతుంది. కానీ పోలీసులు రాకముందు వాళ్ళ అబ్బాలు ఎందుకు రాలేదనే సవాల్ కూడా నిలబడుతుంది.

ఐస్‌లాండ్ సంగతి వినండి. 1998లో అక్కడ 15-16 ఏళ్ళ పిల్లల్లో 42 శాతం మంది, గడిచిన నెలలో ఒక్కసారైనా తాగి తూలామని చెప్పారు. 2016కు ఆ సంఖ్య 5 శాతానికి పడిపోయింది. ఏం చేశారు? పిల్లల్ని ఏటా పేర్లు లేకుండా అడిగారు. రాత్రి పదయ్యాక చిన్నపిల్లలు వీధిలో ఉండకూడదని నిబంధన పెట్టారు. తల్లిదండ్రులే జట్లుగా వీధులు తిరిగారు. ఆటలకు, సంగీతానికి ఇంటికింత అని సర్కారు డబ్బు ఇచ్చింది. ఇంట్లో పెద్దలు పిల్లలతో గడిపే సమయం పెంచుకున్నారు. మనకు ఐస్‌లాండ్ డబ్బు లేదు, ఒప్పుకుంటాను. కానీ మనకు రోజుకు అయిదుసార్లు మొహల్లా మగాళ్ళందరూ ఒకచోట చేరే ఇంతిజామ్ ఉంది. అది ఐస్‌లాండ్ దగ్గర లేదు. ఇషా తర్వాత నలుగురు అబ్బాలు చబూత్రాల వైపు ఒక చక్కర్ కొట్టడానికి ఎవరి గ్రాంట్ కావాలి?

ఇక మూడో అబద్ధం, బద్నామ్. ఇందులో కొంత నొప్పి నిజమే. నషా వార్త రాగానే పాతబస్తీ ఫోటో వేసే అలవాటు మీడియాలో ఉంది. ఇరవై ఏళ్ళుగా అదే మీడియాలో పనిచేస్తున్నాను, ఆ ఫోటో కోసం గొడవపడ్డాను కూడా. గంజాయి ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల నుంచి వస్తుంది, అన్ని కులాల, అన్ని మతాల పిల్లలకూ చేరుతుంది. ఖరీదైన బడి పిల్లల జేబుల్లో, 2019లోనే నిషేధించిన ఈ-సిగరెట్లు తిరుగుతున్నాయి. నషా ముస్లింల జబ్బు కాదు. అయితే అది మనకు రాని జబ్బు కూడా కాదు. బయటివాడు నింద వేస్తాడని ఇంట్లో మంట దాచేవాడు ఇజ్జత్ కాపాడుకోడు, ఇల్లు కాల్చుకుంటాడు.

పైగా ఆ ఇజ్జత్ ఎవరిది? మైనర్‌కు మత్తుగానీ పొగాకుగానీ ఇచ్చినవాడికి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జుర్మానా పడవచ్చు. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది. మన మొహల్లాలో పదేళ్ళ పిల్లాడికి గుట్కా ఇచ్చే దుకాణదారు ఎవరో అందరికీ తెలుసు. జుమాకు మొదటి సఫ్‌లో నిలబడతాడు. మసీదు చందాలో ముందుంటాడు. ఆయన పేరు ఎత్తకపోవడం మన ఇజ్జత్, సులేషన్ పీల్చిన పిల్లాడు మన బద్నామీ. ఇదెక్కడి ఇన్సాఫ్?

హదీసుల్లో ఒక వాకియా ఉంది. షరాబ్ తాగి మళ్ళీ మళ్ళీ పట్టుబడిన ఒకాయనను ఎవరో లానత్ చేస్తే రసూలుల్లాహ్ (స) ఆపారు. అతనికి అల్లాహ్ మీదా రసూల్ మీదా మొహబ్బత్ ఉందన్నారు. పెద్దవాడికే అంత గుంజాయిష్ ఉంటే పదమూడేళ్ళ పిల్లాడికి ఎంత ఉండాలి?

కాబట్టి అమ్మీలూ అబ్బాలూ, అనుమానం వస్తే చేయవలసింది ఇది. కొట్టకండి, గొలుసు వేయకండి. గదిలో పెట్టి కొట్టి మాన్పిస్తామనే చోట్లకు పంపకండి. దువా చేయించండి, కానీ దవా ఆపకండి. రోగం దింపిన అల్లాహ్ మందు కూడా దింపాడన్నది మన అఖీదాలోదే. 14446కు ఫోన్ చేయండి, నషా మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబర్. పిల్లలు ఆపదలో ఉంటే 1098. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. "పాగల్ దవాఖానా" అని సిగ్గుపడకండి, అక్కడికి వెళ్ళడం ఆమిల్ దగ్గరికి వెళ్ళినంత ఖర్చు కాదు. కేసు అవుతుందని భయపడకండి. సులేషన్, వైట్నర్ మత్తుమందుల చట్టంలోనే లేవు. గంజాయి లాంటివి వాడినవాడైనా తనంతట తాను చికిత్సకు వచ్చి పూర్తి చేసుకుంటే కేసు నుంచి మినహాయింపు ఇచ్చే సెక్షన్ అదే చట్టంలో ఉంది, 64ఏ. పద్దెనిమిది నిండనివాడిని జైల్లో వేయరు.

మసీదు కమిటీలకు నా డిమాండ్ పెద్దదేం కాదు. నెలకు ఒక జుమా బయాన్‌లో సులేషన్, వైట్నర్, గుట్కా, గోలీలు అని పేర్లు పెట్టి మాట్లాడండి. పిల్లలకు అమ్మే దుకాణం ముందు ఇద్దరు పెద్దమనుషులు వెళ్ళి నిలబడండి. బడి మానేసిన పిల్లల లెక్క రాయండి, అది మొహల్లాలో ఒక ఆదివారం పని. మార్బుల్ మార్చడానికి చందా వసూలు చేయగలిగినవాళ్ళం, నలుగురు పిల్లలను తిరిగి బడిలో వేయడానికి చేయలేమా?

ఆపా కొడుకు ఇప్పుడు మందులు వాడుతున్నాడు. దుకాణం మాన్పించారు. మధ్యలో ఒకసారి మళ్ళీ పీల్చాడు. ఆపా ఫోన్ చేసి "ఈసారి కొట్టలేదు భాయ్, పక్కన కూర్చున్నాను" అంది. నాకైతే ఈ ఏడాది విన్న బయాన్‌లన్నిటికంటే ఆ ఒక్క మాట పెద్దది.

ఈ జుమాకు సదర్ సాబ్ దగ్గరికి మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి చాయ్ తాగను, జవాబ్ మాత్రం తీసుకుని వస్తాను. మీ మొహల్లా సదర్ సాబ్‌ను మీరు అడగండి.